పాట వెనుక చేతులు

రేడియోలో సినిమా పాట ప్రసారం చేసే ముందు వ్యాఖ్యాత కొన్ని పేర్లు చదవడం మనకు అలవాటైన సంప్రదాయం. చిత్రం పేరు, రచయిత పేరు, సంగీత దర్శకుని పేరు, గాయనీ గాయకుల పేర్లు. అంతటితో ఆ జాబితా ముగుస్తుంది. పల్లవికీ చరణానికీ నడుమ మనసును కదిలించిన ఆ వేణువు ఎవరిది? వినేవాని పాదం తనంతట తానే తాళం వేసేలా చేసిన ఆ ఢోలక్ ఎవరిది? ఈ ప్రశ్న సాధారణంగా ఎవరూ అడగరు. అడిగినా చెప్పగలిగినవారు అరుదు. పాట పదిమంది కలిసి చేసిన పని. పేరు మాత్రం ఇద్దరిదో ముగ్గురిదో అవుతుంది.

మా ఇంట్లో ఈ ప్రశ్న ఎప్పుడూ ఉండేది. కారణం, ఆ పేరులేని వాద్యకారులలో మా బాబాయి ఒకరు. తెనాలి ప్రాంతంలో నాటక సమాజాలకు ఢోలక్ వాయిస్తూ చేయి తిప్పుకొన్న ఆయన 1974లో మద్రాసు చేరి, ఇరవై ఏళ్ళపాటు రికార్డింగు థియేటర్లలో వాయించారు. తాను వాయించిన పాట రేడియోలో వచ్చినప్పుడు ఆయన ఏమీ అనేవారు కారు. కుడిచేతి వేళ్ళు మాత్రం కుర్చీ చేతిమీద మెల్లగా కదిలేవి. ఆ కదలికను బట్టి అది ఆయన వాయించిన పాట అని మేము గుర్తుపట్టేవాళ్ళం. 1990లలో కీబోర్డులూ, లయను తమంతట తామే మోగించే యంత్రాలూ థియేటర్లలోకి వచ్చాయి. పదిమంది తాళవాద్యకారులు కూర్చునే చోట ఇద్దరు చాలన్నారు. తరువాత ఆ ఇద్దరూ అవసరం లేదన్నారు. 1995లో బాబాయి ఇంటికి తిరిగివచ్చారు. ఢోలక్‌ను గుడ్డసంచీలో పెట్టి అటక ఎక్కించారు.

అటువంటి ఇంట్లోకి నేను తెచ్చిన ఒక ఆల్బమ్ గురించి చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. దాని పేరు ‘న్యూ ఫార్మ్స్’, అంటే కొత్త రూపాలు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరానికి చెందిన రెప్రజెంట్ అనే బృందం దానిని 1997 జూన్‌లో టాకిన్ లౌడ్ అనే సంస్థ ద్వారా వెలువరించింది. అట్టమీద ‘రోనీ సైజ్ / రెప్రజెంట్’ అని ఉంటుంది. ఒక వ్యక్తి పేరు, ఒక గీత, ఆ పక్కన ఒక బృందం పేరు. ఆ చిన్న గీతలో ఈ కథ చాలా వరకు ఇమిడి ఉన్నది.

బ్రిస్టల్ అనే పేరు వినగానే చరిత్ర చదువుకున్న భారతీయునికి రాజా రామమోహన్ రాయ్ గుర్తుకు వస్తాడు. ఆయన 1833 సెప్టెంబరు 27న ఆ నగరంలోనే కన్నుమూశాడు. అక్కడి ఆర్నోస్ వేల్ శ్మశానవాటికలో ఆయన సమాధిపై ద్వారకానాథ్ టాగూర్ కట్టించిన ఛత్రి నేటికీ ఉన్నది. ఆయన విగ్రహాన్ని ఆ నగర నడిబొడ్డున నెలకొల్పినది కూడా 1997లోనే. కానీ ఆ రేవుపట్టణానికి మరొక చరిత్ర ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్దంలో అక్కడి ఓడలు ఆఫ్రికా తీరానికి వెళ్ళి మనుషులను కొని, అట్లాంటిక్ దాటించి, కరీబియన్ దీవులలోని చెరకు తోటలకు అమ్మేవి. తిరుగు ప్రయాణంలో పంచదార, పొగాకు తెచ్చేవి. నగరంలోని మేడలు అనేకం ఆ సొమ్ముతో లేచినవే.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత ఆ దీవుల ప్రజలే బతుకుతెరువు కోసం బ్రిటన్‌కు రాసాగారు. బ్రిస్టల్‌లో వారు ఎక్కువగా సెయింట్ పాల్స్ అనే పేటలోనూ, దాని చుట్టుపక్కలా స్థిరపడ్డారు. అయితే నగర బస్సులలో కండక్టరుగా, డ్రైవరుగా నల్లజాతివారిని, ఆసియావారిని తీసుకోబోమని అక్కడి బస్సు సంస్థ భీష్మించుకు కూర్చున్నది. 1963లో ప్రజలు ఆ బస్సులను బహిష్కరించారు. ఆ ఏడాది ఆగస్టు 28న సంస్థ దిగివచ్చింది. ఆ తరువాత తెల్లజాతికి చెందని తొలి కండక్టరుగా ఉద్యోగంలో చేరినవాడు రఘబీర్ సింగ్ అనే సిక్కు. ఒక నగరం తన శ్రమలో ఎవరికి చోటు ఇస్తుంది, ఎవరి పేరు తన పుస్తకంలో రాసుకుంటుంది అన్న ప్రశ్న అక్కడ ఆ విధంగా వీధిలోనే తేలింది.

కరీబియన్ నుంచి వచ్చినవారు తమతో ఒక సంగీతాన్ని కూడా తెచ్చుకున్నారు. మన ఊళ్ళలో పెళ్ళికీ, జాతరకూ మైకుసెట్టు పెట్టినట్లు, వారు మనిషెత్తు స్పీకర్లను పేర్చి వీధులలో, ఇళ్ళ నేలమాళిగలలో పాటలు మోగించేవారు. వాటిని సౌండ్ సిస్టమ్ అంటారు. మంద్రస్వరం చెవికంటే ముందు గుండెకు తగలడం ఆ సంగీతపు ప్రత్యేకత. జమైకా నుంచి వలస వచ్చిన దంపతులకు 1969లో బ్రిస్టల్‌లో పుట్టిన ర్యాన్ విలియమ్స్ ఈ వాతావరణంలోనే పెరిగాడు. పదహారేళ్ళ వయసులో బడి నుంచి బహిష్కృతుడయ్యాడు. ఆ తరువాత అతనికి చదువు చెప్పినవి ఆ పేటలోని సౌండ్ సిస్టమ్‌లు, సంగీత పరికరాలను అందుబాటులో ఉంచిన ఒక యువజన కేంద్రం. రోనీ సైజ్ అనే పేరుతో ప్రపంచానికి తెలిసినవాడు ఇతడే.

ఇతనితో మరికొందరు కలిశారు. క్రస్ట్, సవ్ అనే ఇద్దరు అంతకుముందే ఫ్రెష్ ఫోర్ అనే జట్టులో ఉండి, 1989లో ఒక పాటతో బ్రిటన్‌లో పేరు తెచ్చుకున్నవారు. వారికి డై అనే మరొక మిత్రుడు తోడయ్యాడు. ఈ నలుగురూ యంత్రాలమీద లయలను కూర్చేవారు. ఆనలీ అనే గాయని గొంతు ఇచ్చింది. డైనమైట్ అనే యువకుడు లయకు తగినట్లు మాటలను వేగంగా వల్లించేవాడు. సై జాన్ నిలువెత్తు డబుల్ బేస్ వాయించాడు. ఆల్బమ్‌కు పేరు పెట్టిన పాటలో అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన బహమాదియా అనే కళాకారిణి పాల్గొన్నది. ఒకరు గీసిన బొమ్మకు ఇంకొకరు రంగు వేసినట్లు కాక, ఒక ఇంటివాళ్ళంతా కలిసి వరి కోసినట్లు పుట్టిన ఆల్బమ్ అది.

వారు చేసిన సంగీతాన్ని డ్రమ్ అండ్ బేస్ అంటారు. పేరులోనే దాని స్వరూపం ఉన్నది. డ్రమ్ అంటే తాళవాద్యం. బేస్ అంటే మంద్రస్వరం. పాటలో మిగతావన్నీ వెనుకకు జరిగి, ఈ రెండే ముందుకు వచ్చి నిలుస్తాయి. 1990ల తొలి సంవత్సరాలలో లండన్, బ్రిస్టల్ వంటి నగరాలలో ఇది రూపుదిద్దుకున్నది. నిమిషానికి సుమారు 170 మాత్రల వేగంతో డోలు పరుగెత్తుతుంది. మంద్రస్వరం మాత్రం అందులో సగం వేగంతో నింపాదిగా నడుస్తుంది. మన సంగీత పరిభాషలో చెప్పాలంటే, డోలు రెండవ కాలంలోనూ, మంద్రం ఒకటవ కాలంలోనూ సాగుతాయి. సంగీతం నేర్చుకునే పిల్లలు ఒకే వరుసను తాళం మార్చకుండా ఒకటవ కాలంలో పాడి, వెంటనే రెండవ కాలంలో పాడతారు. ఆ రెండూ ఒకేసారి వినిపిస్తే ఎలా ఉంటుందో ఊహించండి. వినేవాడు తన ఇష్టాన్ని బట్టి పరుగునైనా అందుకోవచ్చు, నడకనైనా అందుకోవచ్చు. ఈ సంగీతం మొదట గజిబిజిగా తోచినా, కాసేపటికి మనసుకు ఒక విచిత్రమైన నిలకడను ఇవ్వడానికి కారణం ఇదే.

అంత వేగంగా పరుగెత్తే డోలును వాయించేది ఎవరు? ఇక్కడే శాంప్లర్ అనే యంత్రం ప్రవేశిస్తుంది. పాత గ్రామఫోను రికార్డులలో గానం, ఇతర వాద్యాలు ఆగిపోయి, డ్రమ్ములు మాత్రమే కొన్ని క్షణాలు మోగే చోట్లు ఉంటాయి. వాటిని బ్రేక్ అంటారు. మన కచేరీలలో తని ఆవర్తనం వంటిదే, కాని క్షణకాలం. శాంప్లర్ ఆ చిన్న భాగాన్ని తన జ్ఞాపకంలో దాచుకుంటుంది. దానిని వేగం పెంచి మోగించవచ్చు. ఒక్కొక్క దెబ్బను విడదీసి, వరుస మార్చి, కొత్త నడక కట్టవచ్చు. దండలోని పూలను విప్పి మరొక దండ గుచ్చినట్లు ఉంటుంది ఆ పని. పువ్వులు పాతవే, దండ కొత్తది.

1999లో నేను హైదరాబాదులో చదువుకుంటున్నాను. ఇంగ్లండు నుంచి సెలవులకు వచ్చిన మిత్రుడొకడు ఈ ఆల్బమ్‌ను క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చాడు. సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు దానిని వెంట తీసుకువెళ్ళి, మధ్యాహ్నం వసారాలో టేప్‌రికార్డరులో పెట్టాను. ‘బ్రౌన్ పేపర్ బ్యాగ్’ అనే పాట మొదలైంది. మొదట తీగల మీటు, డబుల్ బేస్ గంభీరమైన పలుకు. ఆ తరువాత ఉన్నట్టుండి డోలు అందుకుని పరుగుతీసింది. బాబాయి చదువుతున్న పత్రిక దించారు. యంత్రం మోగించే లయ అంటే ఆయనకు ఎంత వెగటో ఇంట్లో అందరికీ తెలుసు. మా పిన్ని వంటింట్లో నుంచే “అది ఆపరా నాయనా, ఆయనకు పడదు” అన్నది. బాబాయి చేయెత్తి వద్దన్నట్లు సైగ చేశారు. పాట అయ్యేదాకా కదలలేదు. వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టమన్నారు. రెండవసారి విన్న తరువాత అన్నారు:

“ఒరేయ్, ఇది వాయించింది మిషను కాదురా. మిషను దీన్ని కోసింది, అంతే. వాయించింది మనిషే. మిషనైతే ప్రతి దెబ్బా ఒకే బరువుతో పడుద్ది. ఇందులో పెద్ద దెబ్బల మధ్య చిన్న చిన్న దెబ్బలు విను. ఒకదానికొకటి పోలిక లేదు. అది వేళ్ళల్లో ఉండే తేడా. ఎవరిదిరా ఈ చెయ్యి?”

అట్టమీది పేర్లన్నీ మిత్రుడు నాకు ఒక కాగితం మీద రాసి ఇచ్చాడు. వాటిని చదివి వినిపించాను. బాబాయి శ్రద్ధగా విని, “వీళ్ళు కూర్చినవాళ్ళు. నేను అడిగేది కొట్టినవాడి సంగతి” అన్నారు. వృత్తిలో చేయి అరిగినవారికి మాత్రమే తోచే ప్రశ్న అది. వేల మైళ్ళ దూరంలో, తనకు తెలియని భాషలో, తనను వీధిన పడవేసిన యంత్రం వంటిదే మరొక యంత్రం లోపల నుంచి, తన వంటి మరొక మనిషి చేతిని ఆయన గుర్తుపట్టారు.

ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూ పోతే, ఒక పాటను మించి, ఈ సంగీతానికంతటికీ పునాదిగా నిలిచిన ఒక డోలు కనిపిస్తుంది. 1969లో అమెరికాలో ది విన్‌స్టన్స్ అనే బృందం ఒక రికార్డు విడుదల చేసింది. దాని ముందువైపు పాట ‘కలర్ హిమ్ ఫాదర్’ మంచి పేరు పొంది, మరుసటి ఏడు గ్రామీ బహుమతి కూడా తెచ్చుకున్నది. వెనుకవైపు నింపడానికి ‘ఆమెన్, బ్రదర్’ అనే వాద్యగీతాన్ని వాయించారు. అందులో సగం దాటిన తరువాత అందరూ ఆగిపోతారు. గ్రెగరీ కోల్‌మన్ అనే డ్రమ్మరు ఒక్కడే నాలుగు ఆవర్తాలు వాయిస్తాడు. మొత్తం సుమారు 7 సెకన్లు. అప్పట్లో ఎవరూ దానిని ప్రత్యేకంగా గమనించలేదు. 1986లో పాత బ్రేకులను ఏర్చికూర్చిన ఒక రికార్డు వరుసలో ఆ పాట చేరింది. అక్కడి నుంచి అది శాంప్లర్లలోకి ప్రవహించింది. ఆ 7 సెకన్లను ముక్కలు చేసి, వేగం పెంచి, వేలాది పాటలు కట్టారు. డ్రమ్ అండ్ బేస్ అనే సంగీతమే దానిమీద లేచి నిలిచిందనడం అతిశయోక్తి కాదు.

ఆ డోలు వాయించిన కోల్‌మన్‌కు దానివల్ల ఒక్క డాలరు కూడా రాలేదు. అతడు 2006లో, ఇల్లూ వాకిలీ లేని దుస్థితిలో అట్లాంటాలో మరణించాడని బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్ చెప్పాడు. 2015లో ఆ సంగీతపు అభిమానులు కొందరు బ్రిటన్‌లో చందాలు పోగుచేసి, 24,000 పౌండ్లు స్పెన్సర్‌కు అందజేశారు. ఆలస్యంగానైనా అది ఒక కృతజ్ఞత. కాని కోల్‌మన్ అప్పటికి లేడు. ఆ వార్త చదివిన నాటికి మా బాబాయి కూడా లేరు. ఆయన 2011లోనే వెళ్ళిపోయారు. ఆయన అడిగిన ప్రశ్నకు ఒక పేరు దొరికింది. వినిపించడానికి ఆయనే లేరు.

ఇంతవరకు చదివినవారికి యంత్రం దొంగ అనీ, దానిని వాడినవారు అపరాధులనీ అనిపించవచ్చు. విషయం అంత సులభంగా తేలేది కాదు. బ్రిస్టల్ పేటలోని కుర్రవానికి డ్రమ్ములు కొనుక్కునే స్తోమత లేదు. కొన్నా వాయించుకోవడానికి చోటు లేదు. పదిమంది వాద్యకారులను పిలిచి స్టూడియోలో కూర్చోబెట్టడం కలలోని మాట. అతనికి అందుబాటులో ఉన్నవి ఇంట్లోని పాత రికార్డులు, యువజన కేంద్రంలోని యంత్రం. బడి తలుపు మూసుకున్న పిల్లవానికి ఆ యంత్రమే మరొక తలుపు తెరిచింది. మద్రాసులో మా బాబాయి చేతిలోని పనిని లాక్కున్న యంత్రజాతే, ఇంచుమించు అదే కాలంలో, బ్రిస్టల్‌లో మరొకరి చేతికి పని ఇచ్చింది. ఈ రెండూ నిజాలే. ఒకదానిని చెప్పి మరొకదానిని దాచడం న్యాయం కాదు. కత్తిపీట కూరగాయలనూ కోస్తుంది, వేలినీ కోస్తుంది. తేడా దాని ముందు కూర్చున్నవారి చేతిలో ఉంటుంది.

రెప్రజెంట్ బృందం ఆ యంత్రం ముందు కూర్చున్న తీరు నాకు అందుకే ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. వారు ముక్కలను కూర్చడంతో ఆగిపోలేదు. ఆ సంగీతాన్ని కచేరీ వేదికకు తీసుకువచ్చినప్పుడు, యంత్రాల పక్కన నిజమైన డ్రమ్ములు పెట్టి డ్రమ్మరును కూర్చోబెట్టారు. డబుల్ బేస్ పట్టుకుని సై జాన్ నిలుచున్నాడు. గాయని ఎదుట నిలబడి పాడింది. యంత్రం ముక్కలు చేసి పరుగెత్తించిన లయను మనిషి మళ్ళీ తన చేతులతో, అదే వేగంతో వాయించవలసి వచ్చింది. మనిషి నుంచి యంత్రానికి వెళ్ళిన విద్య, యంత్రం నుంచి తిరిగి మనిషి దగ్గరకు వచ్చింది. వచ్చేటప్పుడు కొత్త కష్టాన్ని, కొత్త అందాన్ని తెచ్చింది. మనుషులను తీసివేయడానికి వాడదగిన యంత్రాన్ని వారు మనుషులను చేర్చడానికి వాడారు.

1997లో బ్రిటన్‌లో ఏటా ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతి ‘న్యూ ఫార్మ్స్’ను వరించింది. రేడియోహెడ్ బృందపు ‘ఓకే కంప్యూటర్’, ది ప్రాడిజీ బృందపు ‘ది ఫ్యాట్ ఆఫ్ ది ల్యాండ్’ వంటి ప్రసిద్ధమైన ఆల్బమ్‌లు ఆ ఏడు పోటీలో ఉన్నాయి. అంతవరకు రాత్రివేళల నృత్యశాలలకే పరిమితమని భావించిన ఒక సంగీతానికి సభామర్యాద లభించింది. ఇక్కడ ఒక ముచ్చట చెప్పుకోవాలి. రెప్రజెంట్ కచేరీలలో డ్రమ్ములు వాయించినవారిలో క్లైవ్ డీమర్ ఒకడు. పద్నాలుగేళ్ళ తరువాత, 2011 నుంచి, అతడే రేడియోహెడ్ కచేరీలలో రెండవ డ్రమ్మరుగా కూర్చున్నాడు. ఆనాడు పోటీపడిన ఇరుపక్షాల సంగీతాన్నీ మోసినవి అవే చేతులు. అయినా ఆ ఆల్బమ్‌లను ప్రేమించే లక్షలాది శ్రోతలలో ఆ పేరు చెప్పగలిగినవారు ఎందరు?

రెండేళ్ళ తరువాత, 1999లో, అదే బహుమతి ‘ఓకే’ అనే ఆల్బమ్‌కు దక్కింది. దాని కర్త తల్విన్ సింగ్ లండన్‌లో పుట్టి, పంజాబులో గురువు దగ్గర తబలా నేర్చుకున్నవాడు. తబలా బోలులను, యంత్రపు లయలను అతడు ఒకే పంక్తిలో కూర్చోబెట్టాడు. చేతికీ యంత్రానికీ వైరమే తప్ప పొత్తు లేదనుకునేవారికి ఈ రెండు ఆల్బమ్‌లు మంచి సమాధానం. 2000లో రెప్రజెంట్ తన రెండవ ఆల్బమ్‌ను వెలువరించింది. ఈసారి అమెరికా నుంచి జాక్ డి లా రోచా, మెథడ్ మ్యాన్, రాజెల్ వంటివారు వచ్చి గొంతు కలిపారు. ఇంటిపేరు ఒకటే అయినా పంక్తి పెరుగుతూ పోయింది.

ఆ సంక్రాంతి తరువాత మా బాబాయిలో వచ్చిన మార్పు గొప్పగా చెప్పుకోదగినంత పెద్దది కాదు. ఆయనకు స్టూడియోలో పని తిరిగి రాలేదు. కాని అటకమీది ఢోలక్ కిందికి దిగింది. తోలు బిగించి, కరణ వేయించి, సాయంత్రాలు వీధిలోని పిల్లలకు నేర్పసాగారు. 2003లో నేను కొన్న కంప్యూటరులో ఆయన వాయింపును గంటసేపు ముద్రించాను. ఒక్కొక్క నడకకూ ముందు ఆయన తన గొంతుతో, తాను దానిని ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పారు. అందులో నాటక సమాజాలలో వాయించి, ఏ రికార్డుకూ ఎక్కకుండా పోయిన పెద్దల పేర్లు ఉన్నాయి. తన పేరు చెప్పడం మాత్రం మరిచిపోయారు. నేను గుర్తుచేస్తే నవ్వి, ఆఖరున చెప్పారు. ఆ గంట నాదాన్ని మా కుటుంబం నేటికీ ఆస్తిపత్రం వలె దాచుకున్నది.

మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ, వాద్యకారులతో సహా ప్రదర్శకులందరికీ తమ ప్రదర్శనపై ప్రత్యేకమైన హక్కులను గుర్తించింది. 2012 నాటి సవరణ, తమ ప్రదర్శనను వ్యాపారానికి వాడినప్పుడు ప్రతిఫలంలో వాటా పొందే హక్కును, ఆ ప్రదర్శన తమదేనని చెప్పుకునే హక్కును వారికి ఇచ్చింది. చట్టం ఒక మెట్టు. కాని పుస్తకంలోని హక్కు మనిషి చేతికి అందాలంటే, ముందుగా ఆ మనిషి ఒకడున్నాడని నలుగురికీ తెలియాలి. కోల్‌మన్ విషయంలో లోకం చేసిన అన్యాయం డబ్బుతోనే మొదలు కాలేదు. ఆ 7 సెకన్లకు ఒక మనిషి ఉన్నాడన్న ఊహే లేకపోవడంతో మొదలైంది.

ఈనాడు శాంప్లర్ ప్రత్యేకమైన యంత్రంగా ఉండవలసిన అవసరం లేదు. అది విద్యార్థి జేబులోని ఫోనులో ఇమిడిపోయింది. ఎవరో వాయించిన డప్పు, ఎవరో పాడిన జానపదం, ఎవరో ఊదిన సన్నాయి వేలి తాకిడికి మన ముందు వాలుతున్నాయి. వాటిని తీసుకుని కొత్తవి చేయాలన్న ఉత్సాహం యువతకు సహజం. అందులో తప్పు లేదు. అలా చేయకపోతే ‘న్యూ ఫార్మ్స్’ వంటి ఆల్బమ్ పుట్టేదే కాదు. కళ ఏనాడూ శూన్యం నుంచి పుట్టలేదు. మొదటి దండలోని పూలు కూడా ఎవరో ఒకరు పెంచిన తోటలోవే.

అయితే తీసుకునేవారు చేయవలసిన చిన్న పని ఒకటున్నది. తీసుకున్న నాదం ఎవరిదో కనుక్కోవాలి. తెలిస్తే రాయాలి. ఊరి డప్పు కళాకారుని వాయింపును ముద్రిస్తే, ఫైలుకు అంకె వేయడానికి ముందు ఆయన పేరు అడగాలి. వీలైతే ఆయన గురువు పేరు కూడా అడగాలి. దానివల్ల ఆదాయం వస్తే వాటా పంచాలి. ఇది దయ కాదు, దానం కాదు. కలిసి చేసిన పనిలో కలిసి చేసినవారిని లెక్కపెట్టడం, అంతే. పంక్తిలో కూర్చున్నవారందరికీ విస్తరి వేయడం మన ఇళ్ళలో ఎవరూ ప్రత్యేకంగా నేర్పనవసరం లేని మర్యాద. పాటకు కూడా అదే మర్యాద వర్తిస్తుంది.

ఆల్బమ్ అట్టమీద రోనీ సైజ్ పేరుకు పక్కన ఉన్న ఆ చిన్న గీత ఒకరినీ పదిమందినీ కలిపే గీత. దానికి ఆ వైపున ఉన్న బృందంలో మనకు పేర్లు తెలిసినవారు కొందరు. ఆ బృందానికీ వెనుక, పాత రికార్డుల చాళ్ళలో, పేర్లు తెలియనివారు మరెందరో. ఆ గీతను ఎంత దూరం పొడిగించగలమన్నదే వినేవారి సంస్కారానికి కొలత.